‘హౌఎవర్’ ముందు కామా ఎందుకు తప్పు?

అందరికీ నమస్కారం. మాది గాజువాక. వైజాగ్ పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో ఈమధ్యే చేరాను. రోజంతా ఇంగ్లిష్ మెయిళ్లే.

మొన్న ‘ద షిప్ హ్యాజ్ అరైవ్డ్, అన్‌లోడింగ్ విల్ స్టార్ట్ టుమారో’ అని రాస్తే మా సార్ ఆ కామా చుట్టూ ఎర్ర సున్నా చుట్టారు. రెండు పూర్తి వాక్యాల్ని ఒట్టి కామాతో అతికించకూడదట. ఫుల్‌స్టాపో సెమీకోలనో (;) పెట్టాలి, లేదంటే కామా తర్వాత ‘అండ్’ రావాలి. తెలుగులో ‘ఓడ వచ్చింది, రేపు సరుకు దించుతారు’ అంటే ఎవరూ ఏమీ అనరు కదా! ఆ అలవాటే కొంప ముంచుతోంది.

అక్షరాల మధ్య పైన పెట్టే అపాస్ట్రఫీ (’) గొడవ కొంత తీరింది. ‘ఇట్ ఈజ్’ అనో ‘ఇట్ హ్యాజ్’ అనో విడదీస్తే అర్థం కుదిరినప్పుడే ‘ఇట్స్’లో పెడుతున్నాను.

అసలు చిక్కు ‘హౌఎవర్’తో. రెండు వాక్యాల మధ్య వస్తే ముందు సెమీకోలన్, తర్వాత కామా అంటున్నారు. అర్థం ఒకటే అయినా ‘బట్’ ముందు కామా చాలట! ఈ తేడా ఎందుకు? ఇలాంటి మాటలు ఇంకేమున్నాయి? కోచింగ్‌కి ద్వారకానగర్ దాకా వెళ్లే తీరిక లేదు, కాస్త ఉదాహరణలతో చెప్పండి.