బేస్‌మెంట్ బార్‌కి సింకు కావాలా, అక్కర్లేదా?

అట్లాంటా_అల్లుడు:
అందరికీ నమస్కారం. మాది వాకౌట్ బేస్‌మెంట్ (నేరుగా పెరట్లోకి తలుపున్న కింది అంతస్తు), సుమారు 1,100 చదరపు అడుగులు. ఇల్లు కొని నాలుగేళ్లయినా కింద ఇంకా ఉత్త కాంక్రీటు, అట్టపెట్టెలే. ఈ చలికాలం ఫినిష్ చేయిద్దామనుకుంటున్నాం: థియేటర్ గది, ఒక బాత్రూమ్, ఓ మూల బార్. గొడవంతా బార్ దగ్గరే వచ్చింది. సింకు ఉన్న వెట్ బార్‌కీ, సింకు లేని డ్రై బార్‌కీ మధ్య కాంట్రాక్టర్ 7,000 డాలర్ల తేడా చెప్పాడు. బాత్రూమ్ కోసం బిల్డర్ వదిలిన పైపులు ఒక చివర, నేను బార్ అనుకున్న చోటు 24 అడుగుల అవతల. నేల పగలగొట్టాలట. నెలకి రెండుసార్లు నలుగురం కూర్చోడానికి ఇంత అవసరమా? మా ఆవిడేమో సింకు లేకపోతే బారే వద్దంటోంది.

జెర్సీ_గోదారోడు:
వద్దు బ్రదర్, డ్రై బార్ చాలు. ఆరేళ్ల కిందట నేను సింకుతోనే కట్టించా. మొదటి ఏడాది ప్రతి శనివారం జనమే. తర్వాత పిల్లల స్విమ్మింగు, మ్యాథ్ క్లాసులు, ఎవరి గోల వాళ్లది. సింకు వాడక, ట్రాప్‌లో (కంపు పైకి రాకుండా నీళ్లు నిలిచే వంపు పైపు) నీళ్లు ఎండిపోయి, కిందికి దిగితే డ్రైనేజీ కంపు. ఏం పాడైందోనని టెన్షన్ పడి ప్లంబర్ని పిలిస్తే, వాడొచ్చి ఓ గ్లాసు నీళ్లు పోసి బిల్లు చేతిలో పెట్టాడు. ఇప్పుడు నెలకోసారి వెళ్లి చెంబుడు నీళ్లు పోసి రావడమే నా బార్ వైభోగం.

షార్లెట్_అక్క:
డ్రై బార్ చాలనే మగాళ్లలో గ్లాసులు కడిగేవాళ్లు ఎంతమందో చేతులెత్తండి. మా ఇంట్లో ఉన్నది డ్రై బారే, అందుకే చెబుతున్నా. నలుగురు కూర్చుంటే పన్నెండు గ్లాసులు, పకోడీ నూనె అంటిన ప్లేట్లు, అన్నీ 14 మెట్లెక్కి రావాలి. ఐసు కరిగిన నీళ్లు ఎక్కడ పోస్తారు? మావాళ్లు తలుపు తీసి పెరట్లో పారబోస్తారు. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చిన ఆరు నెలలూ ఆ గ్లాసులు వంటింటి సింకు ఛాయలకి రాకూడదు. ఆవిడ పడుకున్నాక దొంగల్లా కడిగేవాళ్లం. మీ ఆవిడ అడుగుతున్నది మందు కోసం కాదు తమ్ముడూ, పైన ఉన్న సింకుని కాపాడుకోవడానికి.

జెర్సీ_గోదారోడు:
అక్కా, అంత దూరం ఎందుకు? పక్కనే బాత్రూమ్ వస్తోందిగా, అక్కడ కడుక్కుంటే పోలా?

షార్లెట్_అక్క:
బాత్రూమ్ సింకులో కడిగిన గ్లాసులో అతిథికి పోసిస్తారా? మీ ఇంటికి ఎప్పుడైనా వస్తే మా బాటిల్ మేమే తెచ్చుకుంటాం లెండి.

డాలస్_బుల్లోడు:
మా వైపు ఇళ్లకి బేస్‌మెంట్లే ఉండవు. అసూయతో చదువుతున్నా, కానివ్వండి.

కొలంబస్_కొలతలు:
7,000 డాలర్లు సింకు ఖరీదు అనుకోకండి, ఆ 24 అడుగుల ఖరీదు. డ్రెయిన్ పైపుకి అడుగుకి పావు అంగుళం వాలు ఉండాలి, అంటే ఈ చివరికీ ఆ చివరికీ 6 అంగుళాల తేడా. అందుకే నేల పగలగొట్టమంటున్నాడు. సింకు కింద అల్మరాలో చిన్న పంపు పెట్టి నీళ్లని పై నుంచి తోలొచ్చు, కానీ నీళ్లు వదిలిన ప్రతిసారీ అది బుర్రుమంటుంది, థియేటర్ పక్కన చిరాకు. బార్‌నే తెచ్చి బాత్రూమ్ గోడకి వీపు ఆనించండి. రెండు సింకులకీ పైపులు ఒకే గోడలో పోతాయి.

కొలతలు ముందే చూసుకోండి. బార్ బల్ల ఎత్తు 42 అంగుళాలు, దానికి స్టూలు 30. మనిషికి 24 అంగుళాల వెడల్పు. బల్ల వెనక నిలబడి పోసేవాడికి 36 అంగుళాలైనా వదలాలి, ఫ్రిజ్ తలుపు తెరవాలి కదా. ఫ్రిజ్‌కి విడిగా 20 ఆంప్స్ లైను లాగించండి. సింకు దగ్గరి ప్లగ్గులకి జీఎఫ్‌సీఐ (షాక్ కొట్టకుండా కరెంటు వెంటనే ఆపేసే రక్షణ) తప్పనిసరి.

అన్నిటికంటే ముందు రేడాన్ టెస్ట్ చేయించండి. నేలలోంచి వచ్చే వాయువు, రంగూ వాసనా ఉండదు, ఊపిరితిత్తుల కేన్సర్‌కి కారణం. లీటరు గాలికి 4 పికోక్యూరీలు (రేడియేషన్ కొలత) గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటే సరిచేయించుకోమని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. ఆ వాయువుని బయటికి పంపే పైపు వేయడం ఇప్పుడైతే సులువు, గోడలు మూశాక కష్టం. అలాగే నేల మీద ఓ ప్లాస్టిక్ షీటు పరిచి, అంచులకి టేపు వేసి ఒకరోజు వదిలేయండి. కింద చెమ్మ కనిపిస్తే చెక్క ఫ్లోరింగ్ ఆలోచన ఆపండి.

వర్జీనియా_వాస్తు:
పైన పూజగది ఎక్కడుందో చూసుకున్నారా? మాకు డ్రాయింగంతా అయ్యాక మా నాన్నగారు వీడియో కాల్‌లో కనిపెట్టారు, బార్ సరిగ్గా దేవుడి కింద వచ్చిందని. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, మూడడుగులు జరిపి ప్రశాంతత కొనుక్కున్నాం.

ఇంకోటి, బార్‌లో స్టవ్ మాత్రం పెట్టకండి. మా కౌంటీలో స్టవ్ ఉంటే రెండో వంటగది కింద లెక్క, దానికి అనుమతులు వేరు. పర్మిట్ ఎందుకు, డబ్బు మిగులుతుందనే హ్యాండీమ్యాన్ మాట అస్సలు వినకండి. మా స్నేహితుడు విని, ఇల్లు అమ్మేటప్పుడు ఇన్‌స్పెక్టర్ కోసం డ్రైవాల్ (గోడకి బిగించిన జిప్సం పలకలు) కోయించి పైపులు చూపించాడు.

అట్లాంటా_అల్లుడు:
టేపు పట్టుకుని కిందికెళ్లొచ్చా. పూజగది అటు చివరుంది, ఆ గండం లేదు. కానీ బాత్రూమ్ గోడకి ఆనిస్తే మధ్యలో ఇనుప స్తంభం అడ్డొచ్చి, బల్ల వెనక 29 అంగుళాలే మిగులుతోంది. మా ఆవిడ స్తంభాన్ని చూసి, తర్వాత నా పొట్టని చూసి నవ్వింది. అందుకని ఎదురుగా ఉండే బార్ బల్ల ఆలోచనే మానేశాం. గోడకే కౌంటరు, వంటింట్లోలా 36 అంగుళాల ఎత్తు, సింకు, పక్కన చిన్న ఫ్రిజ్. కూర్చోడానికి విడిగా ఓ బల్ల. కాంట్రాక్టర్ తేడా 2,200కి దింపాడు.

జెర్సీ_గోదారోడు:
ఎదురుగా నిలబడి పోసేవాడు లేకపోతే అది బార్ ఎలా అవుతుంది బ్రదర్? అక్కడ టీ కొట్టు పెట్టుకోండి.

షార్లెట్_అక్క:
టీ కొట్టయినా కడుక్కోడానికి నీళ్లుంటాయి. తమ్ముడూ, ఐస్ మేకర్‌కి నీళ్ల గొట్టం కూడా ఇప్పుడే లాగించారా?

అట్లాంటా_అల్లుడు:
అది కొటేషన్‌లో లేదక్కా. మళ్లీ ఫోన్ చేయాలి.