హెక్సాగ్రామ్ మీద మూడేళ్ల పిల్లాడు: ఉమ్మడి పాలకుడా, కాదా?

వెండిరేకు: 615లో కాన్‌స్టాంటినోపుల్‌లో మొదలైన హెక్సాగ్రామ్ అనే ఈ వెండి నాణెం మీద తూర్పు రోమన్ (బైజాంటైన్) చక్రవర్తి హెరాక్లియస్, కొడుకు హెరాక్లియస్ కాన్‌స్టంటైన్ సింహాసనం మీద పక్కపక్కన ఉంటారు. కొడుకు పుట్టింది 612లో. మూడేళ్లవాడు ఏం ఏలాడని మన నాణేల జాబితాలో దీన్ని "ఉమ్మడి పాలకుల నాణెం" అని రాశారు? ఆ మాట తీసేయాలి.

పాతటంకం: తీసేయడానికి వీల్లేదండీ. 613 జనవరిలోనే ఆ పిల్లాడికి పట్టాభిషేకం అయింది. నాణెం అంచున చదవండి, "డిడి ఎన్ఎన్" అని ఉంటుంది. లాటిన్‌లో అలా అక్షరం రెండుసార్లు వేస్తే బహువచనం, "మన ప్రభువులు" అని. ఒక్కడే అయితే "డి ఎన్" చాలు.

గోదారిగట్టు: చర్చిల వెండి కరిగించి కొట్టింది ఇదే కదా?

వెండిరేకు: ఆ వెండి తీసుకుంది 622లో, దండయాత్ర ఖర్చుకి. నాణెం అంతకు ఏడేళ్ల ముందుది. 614లో జెరూసలేం పర్షియన్ల పాలైంది. మరుసటేడు జీతాలు సగానికి కోసి ఈ వెండిలో ఇచ్చారు. వెనక మెట్ల మీద సిలువ, చుట్టూ "దేవా, రోమన్లకు సాయపడు" అని మొర. అంత గండంలో వారసుడున్నాడని జనానికి చూపించుకున్నారు, అంతే.

పాతటంకం: 622లో తండ్రి యుద్ధానికి పోతే రాజధానిలో ఉన్నదెవరు? ఆ కొడుకే.

వెండిరేకు: పదేళ్లవాడండీ! పనులు నడిపింది పాట్రియార్క్ (ప్రధాన మతగురువు) సెర్గియస్, బోనస్ అనే అధికారి. మీకు అక్షరాలుంటే చాలు. నేనూ అక్షరాలు నమ్మే ఆన్‌లైన్‌లో ఒకటి కొని నెల జీతం పోగొట్టుకున్నా. చేతికొచ్చాక చూస్తే అంచు చుట్టూ పోతపోసిన గీత.

పాతటంకం: మీరు మోసపోతే అసలు నాణెం అబద్ధమవుతుందా?

గోదారిగట్టు: కాస్త నెమ్మదించండి ఇద్దరూ.

వెండిరేకు: అబద్ధం అనలేదు. మా పొలం కాగితాల్లో అన్నయ్య పేరు పక్కన నా పేరూ ఉంది. కౌలు ఎవరికివ్వాలో ఇరవై ఏళ్లలో నన్నొక్కసారి అడగలేదు. పేరుంటే పెత్తనం ఉన్నట్టు కాదు.

పాతటంకం: మా అమ్మది అందుకు తలకిందులండీ. తాత పొలమంతా ఆవిడే చేయించింది, కాగితంలో పేరు లేదు. తాత పోయాక సెంటు భూమి రాలేదు. 641లో తండ్రి పోగానే ఆ కొడుకు గద్దెక్కాడంటే, 615 నుంచి వెండి మీద ఉన్న పేరు ఊరికే పోలేదు.

వెండిరేకు: ఏలింది మూడు నెలలు. "ఉమ్మడి పేర్ల నాణెం" అని రాద్దాం, ఒప్పుకుంటా.

పాతటంకం: "పాలకుల" అనే ఉండాలి.