తోలుబొమ్మల ఉమ్మడి ప్రదర్శన: చెమ్మ విషయంలో, ఒప్పందం విషయంలో సలహా కావాలి

నమస్కారం. నేను విశాఖపట్నంలో ఉండే చిత్రకారిణిని. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటకు చెందిన ఒక తోలుబొమ్మల కళాకారుల కుటుంబంతో కలిసి ఈ శీతాకాలంలో ప్రదర్శన పెట్టబోతున్నాను. నా గీతలను ఆధారం చేసుకుని వారు మేకతోలు మీద బొమ్మలు కోసి, చిల్లులు తొలిచి, రంగులు అద్దుతారు. ఆ తర్వాత మా పేట పిల్లలతో వాటిని ఆడించాలన్నది మా ఆలోచన.

అక్కడి పొడి గాలిలో చదునుగా ఉండే తోలు ఇక్కడి సముద్రపు గాలికి అంచుల దగ్గర చుట్టుకుపోతోంది. నమూనాగా తెచ్చిన హనుమంతుడి తోక అప్పుడే పైకి లేచింది (ఆయనకది సహజమే అనుకోండి). వెనుక నుంచి వెలుగు పడితేనే ఈ బొమ్మల రంగు పలుకుతుంది కాబట్టి గోడకు ఆనించి ఫ్రేము కట్టించడం కుదరదు. రెండు యాక్రిలిక్ పలకల మధ్య బిగిస్తే లోపల చెమ్మ చేరి బూజు పడుతుందా, లేక దారాలతో వేలాడదీసి వెనుక ఎల్‌ఈడీ దీపాలు అమర్చడమే మేలా?

ఇంతకంటే ముఖ్యమైనది మరొకటుంది. గ్యాలరీవారు పోస్టరు మీద నా పేరు మాత్రమే వేసి, ఆ కుటుంబాన్ని ‘సహకారం’ కింద చేరుస్తామంటున్నారు. అది నాకు సమ్మతం కాదు. గ్యాలరీ వాటా పోగా మిగిలిన సొమ్మును ఎలా పంచుకోవాలో, అవే రూపాలను వారు మళ్లీ చేసి అమ్ముకునే హక్కును ఎలా రాసుకోవాలో తెలిపే తెలుగు ఒప్పంద పత్రం ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి చూపించగలరు. తోలు కొనుగోలుకు ముందుగా బయానా ఇచ్చే ఆనవాయితీ ఉందో లేదో కూడా తెలియజేయగలరు.