ఈరోజిటాను ఆపేయడం కరెక్టేనా?

పాలపుంత_పిచ్చోడు:
తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. 2019 జులైలో బైకనూర్ నుంచి వెళ్లిన రష్యా ఉపగ్రహం స్పెక్టర్-ఆర్‌జీలో జర్మనీవాళ్ల ఎక్స్‌రే టెలిస్కోపు ఈరోజిటా ఉంది. ఆరు నెలలకోసారి ఆకాశమంతా జల్లెడ పట్టాలి, అలా ఎనిమిది సార్లు. నాలుగు అయిపోయి ఐదోది నడుస్తుండగా ఉక్రెయిన్ మీద దాడి మొదలైంది, రెండు రోజులకే, 2022 ఫిబ్రవరి 26న, జర్మనీ దాన్ని సేఫ్ మోడ్‌లో పెట్టేసింది. నా దృష్టిలో తప్పు చేశారు. దానివల్ల ఒక్క తుపాకీ అయినా ఆగిందా?

కృత్తిక07:
తుపాకీ ఆగుతుందని ఆపారని ఎవరన్నారండీ? ఆ డేటా ఎక్కువగా దిగేది రష్యాలోని బేర్ లేక్స్, ఉస్సూరిస్క్ యాంటెన్నాలకి. అంటే రోజూ రష్యా ప్రభుత్వ సంస్థతో కలిసి కూర్చుని పని చేయాలి, ఒకపక్క బాంబులు పడుతుంటే. "మేం సైన్స్ మాత్రమే చేస్తున్నాం" అని తప్పుకోవడం నాకైతే మింగుడు పడదు. పైగా వాళ్లు ఆపారంతే, పాడు చేయలేదు. అదే ఏడాది జూన్‌లో రష్యా అంతరిక్ష సంస్థ రోస్కాస్మోస్ అధిపతి రొగోజిన్ జర్మనీ ఒప్పుకోకపోయినా మేమే ఆన్ చేస్తామంటే, పరికరం పాడైపోతుందని అడ్డుపడింది రష్యా శాస్త్రవేత్తలే.

గట్టుమీద_చెట్టు:
అసలు ఇబ్బంది ఒప్పందంలోనే ఉందన్నా. పాలపుంత కేంద్రం మీదుగా గీత గీసి, పడమటి సగం డేటా జర్మనీకి, తూర్పు సగం రష్యాకి అని పంచుకున్నారు. పొలం గట్టు పంచుకున్నట్టు! 2020లో ఆ టెలిస్కోపు చూపించిన వేడి వాయువు బుడగలు గుర్తున్నాయా? గెలాక్సీ కేంద్రానికి పైన ఒకటి, కింద ఒకటి, ఒక్కోటి సుమారు 45 వేల కాంతి సంవత్సరాల ఎత్తు. ఆ గీత సరిగ్గా ఆ రెండు బుడగల్నీ నిలువునా చీల్చుకుంటూ పోతుంది. రెండు సగాలూ పక్కపక్కన పెట్టారు కాబట్టే ఆకారం తెలిసింది, ఆ పేపర్ మీద రెండు దేశాలవాళ్ల పేర్లూ ఉన్నాయి. ఇప్పుడు అలాంటి పేపర్ రాయగలరా?

మబ్బులేని_రాత్రి:
కాస్త ఎక్కువ చేస్తున్నారేమో. ఈరోజిటా బాగా చూసేది తక్కువ శక్తి ఉన్న ఎక్స్‌రేలని. పాలపుంత తలంలో, అంటే పళ్లెంలా పరుచుకున్న భాగంలో, వాయువు, ధూళి వాటిని మింగేస్తాయి, కేంద్రం వైపు మరీను. అక్కడికి అధిక శక్తి కిరణాలు కావాలి. అదే ఉపగ్రహంలోని రష్యా టెలిస్కోపు ఆర్ట్-ఎక్స్‌సీ ఆగలేదు, 2022 తర్వాత పాలపుంత తలాన్నే స్కాన్ చేసింది. మిగతాది వేరే ఎక్స్‌రే టెలిస్కోపులు, అంటే నాసా చంద్ర, యూరప్‌వాళ్ల ఎక్స్‌ఎంఎం, మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ చూసుకుంటాయి.

పాలపుంత_పిచ్చోడు:
ఎలా చూసుకుంటాయి సార్? అవి ఎక్కడ చూడమంటే అక్కడే చూస్తాయి. చంద్ర చూపు అర ఆర్క్‌సెకను (డిగ్రీలో 7200వ వంతు) కోణం దాకా పదునే, కానీ ఒకసారికి కనపడేది ఆకాశంలో చిన్న ముక్క. 1970లో ఎగిరిన ఎక్స్‌రే ఉపగ్రహం ఉహురు ఆకాశమంతా వెతికి పట్టుకున్న ఎక్స్‌రే మూలాలు 339. ఈరోజిటా మొదటి ఆరు నెలల్లో, జర్మనీ సగంలోనే, దాదాపు 9 లక్షలు! అందులో ఏది మారుతోంది, ఏది ఉన్నట్టుండి వెలిగి ఆరిపోతోంది అన్నది తెలియాలంటే మళ్లీ మళ్లీ తిరగాలి, ఎనిమిది సార్లు అనుకున్నది అందుకే కదా. కృత్తిక గారి మాట కాదనలేను, కానీ ఆ మూడున్నర చుట్ల నష్టాన్ని ఎవరూ పూడ్చలేరు.

కృత్తిక07:
నష్టమే, ఒప్పుకుంటా. అయినా ఆ రోజు ఆ కుర్చీలో నేనున్నా ఆపేసేదాన్నే.