మలాకీ 3:10 ప్రతి ఆదివారం చదువుతాం, 3:5 ఎందుకు చదవం?

సత్తెనపల్లి చెల్లి:

అందరికీ వందనాలు. చాలా రోజులుగా మనసులో ఉన్న ప్రశ్న ఇది.

మా సంఘంలో కానుకలు పట్టే ముందు ప్రతి ఆదివారం బైబిల్ పాత నిబంధనలోని మలాకీ ప్రవక్త గ్రంథం 3:10 చదువుతారు. "పదియవ భాగమంతయు మీరు నా మందిరపు నిధిలోనికి తీసికొనిరండి." అలా తెస్తే ఆకాశపు వాకిండ్లు విప్పి పట్టజాలనంత దీవెన కుమ్మరిస్తానని దేవుడు అన్న వచనం అది. చిన్నప్పటి నుంచి వింటున్నాను, నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మొన్న జ్వరం వచ్చి కూటానికి వెళ్లలేక ఇంట్లోనే మలాకీ మొదటి నుంచి చివరిదాకా చదివాను. నాలుగే అధ్యాయాలు, అరగంట కూడా పట్టలేదు. ఆ వచనానికి కాస్త పైనే, 3:5లో, దేవుడు ఎవరెవరి మీద తానే సాక్షిగా నిలబడతానంటున్నాడో చూడండి. కూలి దగ్గర కూలివాళ్లను బాధపెట్టేవాళ్లు, విధవరాండ్రను, తండ్రిలేని పిల్లలను ఏడిపించేవాళ్లు, పరదేశికి అన్యాయం చేసేవాళ్లు. ముప్పై ఏళ్లుగా సంఘానికి వెళ్తున్నాను. ఈ వచనం మీద ఒక్క ప్రసంగం విన్న గుర్తు లేదు.

మా సంఘ కాపరి అయ్యగారిని అడిగాను. "అది ఆ రోజుల్లో యూదులకమ్మా" అన్నారు. మరి 3:10 ఎవరికి? రెండూ ఒకే ప్రవక్త ఒకే జనంతో చెప్పిన మాటలు కదా. మలాకీ లాంటి చిన్న ప్రవక్తల (చిన్న గ్రంథాలున్న ప్రవక్తల) మాటలు మనకు వర్తిస్తే రెండూ వర్తించాలి, లేకపోతే రెండూ వర్తించకూడదు. నా ఆలోచనలో తప్పుంటే చెప్పండి.

బెరయ విద్యార్థి:

సిస్టర్, మీ ఆలోచనలో తప్పు లేదు. రెండూ నేరుగా మనకు చెప్పినవి కావు. నేను వేదాంత కళాశాలలో చదువుతున్నాను, ఈ ప్రశ్న మా క్లాసులో కూడా వచ్చింది.

మలాకీ మాట్లాడింది బబులోను చెర నుంచి తిరిగొచ్చిన యూదులతో. క్రీ.పూ. 516 ప్రాంతంలో రెండో మందిరం కట్టడం పూర్తయింది. కట్టినప్పటి ఉత్సాహం పోయాక జనం చల్లారిపోయారు, గుడ్డి జంతువుల్ని, కుంటి జంతువుల్ని బలికి తెచ్చేవారు (1:8). పదియవ భాగం అంటే అప్పట్లో జీతంలో పది శాతం కాదు. ధాన్యం, ద్రాక్షారసం, నూనె, మందలో పదోది. అందుకే అదే వచనంలో "నా మందిరములో ఆహారముండునట్లు" అని ఉంది. నెహెమ్యా 13:10 చూడండి. మందిర సేవ చేసే లేవీయులకు పాళ్లు అందక మందిరం వదిలి పొలాలకు వెళ్లిపోయారు. మలాకీ మాట వెనక కూడా అలాంటి పరిస్థితే ఉంది. ఆకాశపు వాకిండ్లు విప్పడం అంటే వాన, పంట. ద్వితీయోపదేశకాండము 28లో ఇశ్రాయేలుతో చేసిన నిబంధనలోని దీవెన అది. మనం ఆ నిబంధన కింద లేము. మనకు 2 కొరింథీ 9:7 ఉంది. సణుక్కోకుండా, బలవంతం లేకుండా, ఎవరి హృదయంలో నిశ్చయించుకున్నట్టు వాళ్లు ఇవ్వాలి. కూలివాళ్ల సంగతి కావాలంటే యాకోబు 5:4 ఉంది. పాత నిబంధన ఆజ్ఞల్ని నేరుగా ఎత్తి మన సంఘం మీద పెట్టడం మొదలుపెడితే ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పలేరు.

నమ్మినవాడు, కాకినాడ:

బ్రదర్, ధర్మశాస్త్రం రాకముందే అబ్రాహాము యాజకుడైన మెల్కీసెదెకుకు పదో వంతు ఇచ్చాడు (ఆదికాండము 14:20). యాకోబు బేతేలులో పదో వంతు ఇస్తానని మొక్కుకున్నాడు (28:22). ఇక యేసు ప్రభువే మత్తయి 23:23లో న్యాయం, కనికరం వదిలేసి పుదీనాకు, సోపుకు, జీలకర్రకు కూడా పదో వంతు చెల్లించే పరిసయ్యులతో (ధర్మశాస్త్రం కచ్చితంగా పాటించే యూదుల వర్గం) "వాటిని మానక వీటిని చేయవలసియుండెను" అన్నాడు. మానేయమని ఎక్కడా అనలేదు.

నేను, మా ఆవిడ పెళ్లయిన మొదటి నెల జీతం నుంచి దశమభాగం, అంటే పదో వంతు, పక్కన పెడుతున్నాం. పిల్లల ఫీజులు, అమ్మ ఆపరేషన్, ఏదీ ఆగలేదు. నా సాక్ష్యం నేను దాచను. "ధర్మశాస్త్రం పోయింది" అనే మాట చాలామంది నోట ఇచ్చే సమయంలోనే వస్తుంది, తీసుకునే సమయంలో రాదు. అది నాకు బాధ.

కాటా దుకాణం:

నేను పెద్దగా చదువుకోలేదు. ఊళ్లో ధాన్యం కొని మిల్లుకు పంపే వ్యాపారం నాది. మలాకీ గురించి కాదు, ఇంకో ప్రవక్త ఆమోసు గురించి చెప్తాను.

ఆమోసు 8వ అధ్యాయంలో వ్యాపారులున్నారు. అమావాస్య పండుగ ఎప్పుడైపోతుందా, విశ్రాంతి దినం ఎప్పుడు గడుస్తుందా, మళ్లీ ధాన్యం అమ్ముకుందాం అని ఎదురుచూస్తుంటారు. కొలత చిన్నది చేస్తారు, ధర పెంచుతారు, త్రాసు తిప్పుతారు, తాలు కూడా కలిపి అమ్మేస్తారు. ఇది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఆదివారం ఆరాధనలో కూర్చుని సోమవారం ఎక్కించాల్సిన లారీ గురించి లెక్కలు వేసుకునే మనిషిని నేను.

మా వైపు తేమ, తాలు పేరు చెప్పి బస్తాకు రెండు కిలోలు తరుగు తీయడం మామూలు. కొన్ని వడ్లకు అది న్యాయమే. ఎండిన, తూర్పారబట్టిన వడ్లకు కూడా అంతే తీసేవాణ్ని, ఎందుకంటే అందరూ తీస్తారు. రైతుకు తెలుసు, నాకూ తెలుసు. అప్పు నా దగ్గరే ఉంటుంది కాబట్టి నోరెత్తడు. ఆమోసు 2:6లో దరిద్రుణ్ని చెప్పుల జత కోసం అమ్మేశారని ఉంటుంది. చెప్పుల జత ఖరీదంత బాకీకే మనిషిని అమ్మేసుకున్నారని నాకు అర్థమైంది. రెండు కిలోల వడ్లు దానికంటే పెద్దవేం కావు కదా.

నాలుగేళ్ల కింద మానేశాను. వడ్లు ఎలా ఉంటే అంతే తరుగు, రైతు ముందే తేమ చూపిస్తాను. నమ్మినవాడు అన్నా, మీ సాక్ష్యాన్ని నేను కాదనను, కానీ నాదీ వినండి. మిల్లు నా దగ్గర తరుగు తీస్తూనే ఉంది. రెండు సీజన్లు నా మిగులు సగానికి పడిపోయింది. పట్టజాలనంత దీవెన ఏమీ కుమ్మరించబడలేదు. ఒకటి మాత్రం జరిగింది. రైతులు కాటా పక్కన నిలబడి ముల్లు వైపు కళ్లార్పకుండా చూడటం మానేశారు. బస్తాలు దించి టీ తాగడానికి వెళ్తున్నారు.

ఇది ఆనాటి ఇశ్రాయేలుకే అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను. ఆ దుకాణం నాది.

బెరయ విద్యార్థి:

అన్నా, మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. మీరు చేసింది సరైనదే. అది ఆమోసు ఆజ్ఞాపించాడు కాబట్టి సరైనదా, లేక దొంగతూకం ఎప్పుడైనా తప్పే కాబట్టా? రెండోదైతే ప్రవక్త మాటను మనకు నేరుగా వర్తింపజేయాల్సిన అవసరం లేదు.

రిటైర్డ్ టీచరమ్మ:

బాబూ, నీ ప్రశ్నకు జవాబు ఆమోసు మొదటి రెండు అధ్యాయాల్లోనే ఉంది.

ఆమోసు ఎవరితో మొదలుపెట్టాడు? ఇశ్రాయేలుతో కాదు. దమస్కు, గాజా, తూరు, ఎదోము, అమ్మోను, మోయాబు. వీళ్లెవరికీ సీనాయి కొండ దగ్గర దేవుడు ఇశ్రాయేలుతో చేసిన నిబంధన లేదు, ధర్మశాస్త్రం లేదు. మోయాబు మీద మోపిన నేరం చూడు (2:1). ఎదోము రాజు ఎముకల్ని కాల్చి సున్నం చేశారట. దెబ్బ తగిలింది ఇశ్రాయేలుకు కూడా కాదు. అయినా దేవుడు లెక్క అడిగాడు. నిబంధన లేని జనానికే ఆ లెక్క ఉంటే మనకు లేదని ఎలా అంటాం?

ఇంకొకటి. యిర్మీయా 26. మందిరం పాడైపోతుందని యిర్మీయా ప్రకటిస్తే యాజకులు, ప్రవక్తలు అతణ్ని చంపాలని పట్టుబట్టారు. అప్పుడు దేశంలోని పెద్దలు కొందరు లేచి ఏం చెప్పారు? హిజ్కియా రాజు రోజుల్లో మోరష్తీయుడైన మీకా కూడా సీయోను (యెరూషలేము) పొలంలా దున్నబడుతుందని చెప్పాడు, రాజు అతణ్ని చంపలేదు, దేవునికి భయపడ్డాడు అన్నారు. మీకాకూ వీళ్లకూ మధ్య సుమారు వందేళ్లు. మీకా మాట హిజ్కియా కాలంతో అయిపోయిందని ఆ పెద్దలు అనుకుని ఉంటే యిర్మీయా తరఫున ఆ మాట ఎత్తేవాళ్లే కాదు. ప్రవక్త మాటను తర్వాతి తరం తన మీదికి తెచ్చుకోవడం మనం కనిపెట్టిన పద్ధతి కాదు, బైబిల్లోనే ఉంది. యేసు ప్రభువు కూడా సుంకరులతో, అంటే పన్ను వసూలు చేసేవాళ్లతో, భోజనానికి కూర్చుని హోషేయ 6:6 ఎత్తాడు. "కనికరమునే కోరుచున్నాను గాని బలిని కోరను."

కానీ పెద్దలు మీకాను ఎలా వాడారో గమనించు. ఒక మనిషి ప్రాణం కాపాడటానికి వాడారు. మనం హగ్గయి ప్రవక్తను ఎలా వాడుతున్నాం? "నా మందిరం పాడై ఉండగా మీరు సరంబీ (చెక్క పలకలు) వేసిన ఇళ్లలో ఉంటారా" అన్న మాటను ఏసీ పెట్టించడానికి చందా వసూలు చేసేటప్పుడు చదువుతున్నాం. ఇది నేను కళ్లారా చూశాను, నాకు చాలా కోపం వచ్చింది.

పల్లె కాపరి:

వందనాలు. నేను కాపరిని. ఇక్కడ కాపరుల మాట ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

మా సంఘం నలభై కుటుంబాలు. పత్తి తీతకు, మిరప కోతకు వెళ్లేవాళ్లే ఎక్కువ. నాకు జీతం అంటూ లేదు. పనులున్న నెలల్లో కానుక కాస్త ఉంటుంది. వేసవిలో నేను కూడా పనికి వెళ్తాను. విద్యార్థి తమ్ముడు నెహెమ్యా 13 చెప్పాడు కదా, పొలాలకు వెళ్లిపోయిన లేవీయులు. ఆ వచనం నేను చదివినప్పుడల్లా నా గురించే రాసినట్టుంటుంది. కాబట్టి "దశమభాగం మనకు కాదు" అని పట్నంలో జీతం వచ్చేవాళ్లు సులువుగా అనేటప్పుడు, పల్లె సంఘం దేని మీద నిలబడుతుందో కాస్త ఆలోచించమని అడుగుతున్నాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. రెండేళ్ల కింద మా సంఘంలో ఒక విధవరాలు నా చేతిలో కవరు పెట్టింది. మామూలుగా ఇచ్చేదాని కంటే ఎక్కువ ఉంది. ఏంటమ్మా అంటే, ఎక్కడో కూటంలో విన్నదట, దశమభాగం బాకీ ఉంటే శాపం పోదని. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఇచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే వెళ్లి తిరిగి ఇచ్చేశాను. తీసుకోనంది, శాపం తగులుతుందని భయపడింది. అప్పుడు ద్వితీయోపదేశకాండము 14:28, 29 చదివి వినిపించాను. మూడో ఏట పదో భాగం ఊళ్లోనే ఉంచాలి. లేవీయుడు, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు వచ్చి తిని తృప్తి పొందాలి. "అమ్మా, ఆ పదో భాగం నువ్వు తేవాల్సింది కాదు, నీకు రావాల్సింది" అన్నాను. ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

దీవెన గురించి నమ్మినవాడు అన్నయ్యకు ఒక్క మాట. మా వాళ్లలో ప్రతి ఏడూ కానుక ఇచ్చి ప్రతి ఏడూ పంట పోగొట్టుకున్నవాళ్లున్నారు. వాళ్లకు మలాకీ 3:10 ఒక్కటే చెప్తే తప్పంతా వాళ్ల మీదికే వెళ్తుంది. నేను వాళ్ల దగ్గర హబక్కూకు చివరి మాటలు చదువుతాను. అంజూరపు చెట్లు పూయకపోయినా, చేనిలో పైరు పంటకు రాకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా నేను యెహోవాయందు ఆనందిస్తాను అన్నవి. వాళ్లకు అది వెంటనే అర్థమవుతుంది.

నమ్మినవాడు, కాకినాడ:

అయ్యగారూ, ఆ తల్లి సంగతి చదివి మనసు కలుక్కుమంది. భయపెట్టి తీసుకోవడం తప్పే, అది నేను సమర్థించను. ఇస్తే పంట పండి తీరుతుందని కూడా ఇకపై అనను.

కానీ దశమభాగం ఇవ్వడం నేను మానను, నా పిల్లలకూ నేర్పుతాను. మీ మాట విన్నాక ఇంకా గట్టిగా నేర్పుతాను. అది ఎక్కడికి వెళ్తుందో అడగడం మాత్రం ఇప్పటిదాకా నాకు తట్టలేదు. మా సంఘం లెక్కల్లో విధవరాండ్రకు ఎంత వెళ్తుందో ఈ నెల కమిటీలో అడుగుతాను.

బెరయ విద్యార్థి:

టీచరమ్మ గారూ, ఆమోసు 1, 2 అధ్యాయాల విషయంలో నేను ఒప్పుకుంటున్నాను. అన్యజనుల మీద తీర్పు ఉందంటే ఆ న్యాయం నిబంధన కంటే వెడల్పైనది. పదో వంతు అనే లెక్క విషయంలో మాత్రం నా మాట మార్చుకోలేను. మలాకీ ఎదోమును ఖండించాడు కానీ దశమభాగం తెమ్మని ఎదోమును అడగలేదు.

సత్తెనపల్లి చెల్లి:

అందరి మాటలూ రెండేసి సార్లు చదివాను.

కాటా అన్నయ్య రాసింది చదివాక ఒకటి గుర్తొచ్చింది. మా ఇంట్లో పనిచేసే అక్క ఉంది, ఏడేళ్లుగా. గత నెల మనవడికి బాగాలేక ఐదు రోజులు రాలేదు. నేను ఐదు రోజుల డబ్బు కోసి ఇచ్చాను. ఆ డబ్బు అదే వారం నా కానుక కవరులో ఉందేమో కూడా. 3:5 గురించి అయ్యగారిని నిలదీసిన నేను దాన్ని మా వంటింటిదాకా తెచ్చుకోలేదు.

పొద్దున ఆ ఐదు రోజుల డబ్బు ఇచ్చేశాను. "ఎందుకమ్మా" అంది. కోయకుండా ఉండాల్సింది, తప్పు నాదే అన్నాను. ఇక నుంచి నెలకు రెండు సెలవులు, జబ్బు చేస్తే కోత లేదు అని కూడా చెప్పాను.

మా అయ్యగారిని మళ్లీ అడిగాను. ఈసారి వాదించలేదు. కానుకల ముందు 3:10 ఒక్కటే కాకుండా 3:5 నుంచి 3:10 దాకా చదవనిస్తారా, నేనే చదువుతాను అన్నాను. కాసేపు ఆలోచించి, వచ్చే ఆదివారం చదువమ్మా అన్నారు.