చీకటి పడగానే కెమెరాలు రీబూట్: పీఓఈ స్విచ్ చాలట్లేదా?

ప్రశ్న: గోడౌన్‌లో 7 బుల్లెట్ కెమెరాలు, 1 పీటీజెడ్ (తిరిగే, జూమ్ అయ్యే కెమెరా). 8 పోర్టుల పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు ఇచ్చేది), అన్ని పోర్టులకీ కలిపి పవర్ బడ్జెట్ 60 వాట్లు. పగలు బాగానే ఉంటున్నాయి, రాత్రయితే రెండు మూడు రీబూట్ అవుతున్నాయి. పీటీజెడ్‌కి కేబుల్ 85 మీటర్లు. ఎక్కడ చూడాలండీ?

జవాబు 1: రాత్రి కెమెరాల్లో ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) లైట్లు వెలుగుతాయి, పవర్ లాగడం అప్పుడే పెరుగుతుంది. డేటాషీట్‌లో గరిష్ఠం అంకె చూడండి. బుల్లెట్‌కి 7 వాట్లనుకుంటే 49, పీటీజెడ్‌కి 20. మొత్తం 69, మీ దగ్గర ఉన్నది 60! 120 వాట్ల స్విచ్ పెట్టండి.

జవాబు 2: బడ్జెట్ ఒక్కటే కాదు, పోర్టు కూడా చూసుకోవాలి. 802.3ఏఎఫ్ (పాత పీఓఈ ప్రమాణం) పోర్టు 15.4 వాట్లిస్తే కెమెరాకి గ్యారంటీగా చేరేది 12.95. పీటీజెడ్‌కి అది చాలదు. ఎక్కువ పవర్ ఇచ్చే 802.3ఏటీ కావాలి: పోర్టులో 30, అవతల కెమెరాకి 25.5. స్విచ్ మార్చడం కుదరకపోతే ఆ ఒక్కదానికి ఏటీ ఇంజెక్టర్ (కేబుల్‌లోకి విడిగా కరెంటు ఎక్కించే పెట్టె) చాలు.

జవాబు 3: స్విచ్ కొనేముందు కేబుల్ చూడండి. తీగ కొసను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా ఉందా? అది సీసీఏ, రాగి పూత పూసిన అల్యూమినియం. రెసిస్టెన్స్ ఎక్కువ, 85 మీటర్లకి వోల్టేజీ పడిపోతుంది. అసలైన రాగి క్యాట్6 లాగించండి. తేల్చుకోవాలంటే, మిగతావి తీసేసి ఒక బుల్లెట్‌ని పొట్టి ప్యాచ్ కార్డుతో స్విచ్ పక్కనే పెట్టి, ఐఆర్‌ని మెనూలో ఆన్ చేయండి. అక్కడ నిలిచి, పాత కేబుల్ మీద ఒంటరిగా కూడా రీబూట్ అయితే తప్పు కేబుల్‌దే, లేదా దాని కొసన ఉన్న ఆర్‌జే45 ప్లగ్ క్రింపింగ్‌ది (బిగింపుది).