సమస్యాపూరణం: "మీసమున్న భామ మేటి యయ్యె"

నిర్వాహకుడు: ఈ వారం సమస్య, అంటే మీరు పద్యంగా పూర్తి చేయాల్సిన పాదం, ఆటవెలది ఛందస్సులో ఉంది. విషయం రంగస్థల, టీవీ నటుల జీవితం. పాదంలో ఉన్న వింతకు కారణం పద్యంలోనే దొరకాలి. కింద వివరణ రాసి సమర్థించుకోవడం కుదరదు.

రంగపీఠి:
సత్యభామ యనఁగ స్థానమే గుర్తుండు
జడను విసరి యలుక జాలువార
పురుషుఁ డనుచు మఱచి పురజనుల్ మురియంగ
మీసమున్న భామ మేటి యయ్యె

నిర్వాహకుడు: స్థానం నరసింహారావు గారిని తలుచుకున్నందుకు ముందుగా నమస్కారం. 1902లో బాపట్లలో పుట్టి, 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామగా తెలుగు నేలంతా పేరు తెచ్చుకుని, 1956లో పద్మశ్రీ అందుకున్న నటుడు. "జడను విసరి" అన్నారు, బాగుంది. భామ అలకను ఒక్క కదలికలో చూపించారు. కానీ మాస్టారూ, మీసం సంగతి తేలలేదు. స్త్రీ వేషం కట్టే నటుడికి రంగం మీద మీసం ఉండదు కదా. జనం ఆయన పురుషుడని మరిచిపోయారంటే, ఆ మీసం ఇంకా దూరమైపోయింది. మూడో పాదం ఒక్కటి మళ్ళీ చూడండి.

పద్యప్రియ:
గదను భుజము పైకి గట్టిగా నెత్తుచు
బిగువు తోడ సభను భీముఁ డగుచు
నంటఁబెట్టి మీస మార్చెను రంగాన
మీసమున్న భామ మేటి యయ్యె

నిర్వాహకుడు: అక్కయ్యగారూ, సమస్యను తిరగేసి పట్టుకున్నారు! మగవాడు ఆడవేషం కట్టడమే అందరికీ తోస్తుంది. మీరు ఆడమనిషికి మీసం అంటించారు. మన నాటక సమాజాలు చాలావాటిలో ఆడవేషాలు మగవాళ్ళే వేస్తున్న కాలంలో, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటకాల్లో ఆడవాళ్ళు రంగం ఎక్కారు. వాళ్ళ ధైర్యం ముందు ఈ మీసం ఎంత! చిన్న సూచన: "సభను", "రంగాన" రెండూ ఒకే చోటును చెబుతున్నాయి. "బిగువు తోడ నిలిచి" అంటే గణం (పాదంలో అక్షరాల కొలత) చెడదు, భీముడి నిలుపు కూడా కళ్ళకు కడుతుంది.

కొత్తకలం: టీవీ మీద ఎవరూ రాయలేదని నేను ప్రయత్నించాను. యతి (పాదం మొదటి అక్షరానికి, నాలుగో గణం మొదటి అక్షరానికి ఉండాల్సిన పొంతన) దగ్గర కాస్త టెన్షన్‌గా ఉంది.
రంగభూమి మొదట, దూరదర్శన మంత
చిన్న చూపు లోనె చెప్పెఁ గథను
నత్త వేషమందు, నలనాఁటి రాజుగా
మీసమున్న భామ మేటి యయ్యె

పద్యప్రియ: మొదటి పాదంలో "రం"కి "దూ"తో యతి కుదరదు తమ్ముడూ. మిగతా మూడూ సరిగ్గా ఉన్నాయి.

నిర్వాహకుడు: "తొలుత నాటకంబు, దూరదర్శన మంత" అంటే సరిపోతుంది. త, ద ఒకే వర్గం, ఒ, ఊ స్వరాలకు మైత్రి ఉంది. ఇక రెండో పాదం గురించి చెప్పకుండా ఉండలేను. నాటకంలో నటి చెయ్యి ఎత్తితే చివరి వరుసలో కూర్చున్నవాడికీ అందాలి, గొంతు కూడా అంతే. కెమెరా ముందు అదే చెయ్యి, అదే గొంతు అతిగా కనిపిస్తాయి. క్లోజప్‌లో కనురెప్ప వాల్చినా ఒక డైలాగే. ఏళ్ళ తరబడి పెద్దగా చెయ్యడం నేర్చిన మనిషి దాన్ని చిన్నది చేసుకోవడం మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవడమే. ఇంత విషయాన్ని "చిన్న చూపు లోనె చెప్పెఁ గథను" అని ఐదు గణాల్లో పెట్టేశారు. నాకు ఈ వారం బాగా నచ్చిన పాదం ఇదే.

రంగపీఠి: మూడో పాదం మార్చాను.
సత్యభామ యనఁగ స్థానమే గుర్తుండు
జడను విసరి యలుక జాలువార
నింట మగఁడె, కాని యెత్తఁగఁ దెర, సత్య;
మీసమున్న భామ మేటి యయ్యె

నిర్వాహకుడు: ఇప్పుడు కుదిరింది. "మగఁడె" అన్న మాట మీసాన్ని మోస్తోంది, తెర లేచేసరికి అదే మనిషి సత్య అవుతున్నాడు. "సత్య" రెండుసార్లు వచ్చినా నాకు అభ్యంతరం లేదు, రెండోది వేషం పేరుగా వచ్చింది కనుక.

కొత్తకలం: సవరణ తీసుకున్నాను మాస్టారూ. సమస్యను రెండో పాదంగా పెట్టి రాయొచ్చా?

నిర్వాహకుడు: తప్పకుండా. ఆటవెలదిలో రెండు, నాలుగు పాదాల గణాలు ఒకటే. అలా ఇంకా ఎవరూ రాయలేదు, మీరే మొదలుపెట్టండి. గడువు ఆదివారం దాకా ఉంది.